ఏడో నిబంధన

మిషనక్క అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. పదకొండేళ్లుగా మూలింటి వరండాలో కుట్టుమిషను వేసుకుని కూర్చున్న మనిషిని మరో పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, బడిపిల్లల యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు ఆమె పని. భర్త బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో చేస్తాడు. పొద్దున్నే ఆయన అటు వెళ్లగానే ఈమె వరండా ఊడ్చి, మిషను మీది గుడ్డ తీసి, రెండు చుక్కలు నూనె వేసి కూర్చునేది. అన్నానికి ఓసారి లేచేది. మళ్లీ కూర్చుంటే వెలుతురు తగ్గేదాకా కుట్టేది.

ఆ వీధికి ఒకటే దారి. అటు చివర గోడ. ఇరవై రెండు ఇళ్లలో ఏ ఇంటికి వెళ్లాలన్నా మిషనక్క ముందు నుంచే వెళ్లాలి. ఆమె ఎవరికీ కాపలా కాయలేదు. ఎవరైనా వస్తే తలెత్తి చూసేది. కొత్త ముఖమైతే "ఎవరు కావాలి?" అని అడిగేది. నిజంగా పని మీద వచ్చినవాళ్లకి ఇల్లు చూపించేది. వీధిలోవాళ్లు లేనప్పుడు వచ్చిన పార్సిళ్లు ఆమె బల్ల కిందే ఉండేవి. ఊరెళ్లేవాళ్లు తాళంచెవులు ఆమెకే ఇచ్చి వెళ్లేవాళ్లు.

ఆమె నోరు మంచిదని మాత్రం ఎవరూ అనరు. బండి దారికి అడ్డంగా పెడితే ఊరుకునేది కాదు. ఎవరో చెత్తసంచి కాలువలో పడేసి మాది కాదని బుకాయిస్తే, ఆ సంచి విప్పి, అందులోంచి వాళ్లింటి కరెంటు బిల్లు తీసి, తడి ఆరబెట్టి మరీ వాళ్ల గేటుకి తగిలించి వచ్చింది. నెలరోజులు వాళ్లు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ప్యాంటు పొట్టి చేయించుకోవాల్సి వచ్చి మాట్లాడారు.

ఎదురిల్లు టీచరమ్మది. లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. డెబ్భై రెండేళ్లు, ఒక్కతే ఉంటుంది. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీ కర్టెన్ తీసి చెయ్యి ఊపేది. మిషనక్క కత్తెర పైకెత్తి చూపించేది. ఏడాది పొడుగునా ఇద్దరి పలకరింపు అదే. ఒకరోజు తొమ్మిదింపావైనా కర్టెన్ తెరుచుకోకపోతే మిషనక్క వెళ్లి తలుపు బాదింది. జ్వరంతో పడుకుందట. "నన్ను నిద్ర కూడా పోనివ్వవా తల్లీ" అని టీచరమ్మ విసుక్కుంది. మర్నాడు తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందే కర్టెన్ తీసింది.

పక్క కాలనీలో రెండిళ్లల్లో దొంగలు పడ్డాక ఈ కాలనీకి కూడా జాగ్రత్తలు కావాలన్నారు. అప్పుడే కొత్త సెక్రటరీ వచ్చాడు. ఏదో ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సేఫ్టీ ఆఫీసరుగా చేసిన మనిషి. బోర్డులంటే ప్రాణం. పద్నాలుగు నిబంధనలు అచ్చు వేయించి ఇంటింటికీ పంచాడు. అందులో మంచివీ ఉన్నాయి. గేటు పక్క మొక్కలు నడుమెత్తు మించకూడదు. తాళంచెవి పూలకుండీ కింద పెట్టకూడదు. ఊరెళ్తే పాలూ పేపరూ ఆపించాలి, గుమ్మంలో పోగుపడనివ్వకూడదు. వీటికి మిషనక్క కూడా తలూపింది.

ఏడోది ఇలా ఉంది: వీధికి కనిపించేలా వరండాలలో యంత్రాలు, పనిముట్లు, బట్టలు, ఇతర సామాను ఉంచరాదు.

సెక్రటరీ ఫైలు చంకన పెట్టుకుని స్వయంగా వచ్చాడు.

"ఇది మీ ఒక్కరి గురించి కాదమ్మా, కాలనీ అందం గురించి. వీధి మొదట్లోనే గుడ్డపీలికలూ దారపుండలూ కనిపిస్తే ఇక్కడ పట్టించుకునేవాళ్లు లేరని దొంగలు అనుకుంటారు."

"నేను వాళ్ల ఎదురుగా కూర్చుని ఉండగానా?"

"రూలు అందరికీ ఒకటే. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె పెట్టలేదు. రెండు రోజుల తర్వాత ఇంటి యజమాని ఫోన్ చేశాడు. సెక్రటరీ తనకి చెప్పాడనీ, తనకి కాలనీతో పేచీలు వద్దనీ, ఇష్టం లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యొచ్చనీ అన్నాడు. భర్త కూడా అదే పాట. "పోనీ లోపల వేసుకో. ఫ్యానుంది, నీడుంది. అందరితో గొడవ మనకెందుకు?" అన్నాడు.

మిషనక్క సంతకం పెట్టింది. ఆ తర్వాత ఆమెకి ఎవరి మీద కోపం వచ్చినా చివరికి తిరిగి తిరిగి ఆ సంతకం దగ్గరికే వచ్చి ఆగేది.

వెనక గదిలో కిటికీ తీస్తే గోడ కనిపిస్తుంది. పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకుని కుట్టాలి. వీధి మూల స్తంభానికి కెమెరా బిగించారు. దాని కింద బోర్డు పెట్టారు. సెక్రటరీ దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

మిషను లోపలికి మార్చిన నాలుగో నెలలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి నీలం చొక్కాలవాళ్లు ఇద్దరు టీచరమ్మ ఇంటి బెల్లు కొట్టారు. నీళ్ల ఫిల్టరు సర్వీసు అన్నారు. నిజంగానే ఆమె ఫిల్టరు వారం నుంచి కారుతోంది. తలుపు తీసింది. మెడలో గొలుసు లాగబోతే ఆమె వాళ్ల చెయ్యి పట్టుకుంది. తోసేశారు. వంటింటి గడప మీద పడి తుంటి ఎముక విరిగింది. అలాగే ఈడ్చి బాత్‌రూములో పడేసి బయట గడియ పెట్టారు. గొలుసు, గాజులు, బీరువాలో చిన్నా చితకా తీసుకుని అరగంటలో వెళ్లిపోయారు. వీధిలో నడిచే వెళ్లారు.

టీచరమ్మ అరిచింది. నీళ్ల మగ్గుతో తలుపు కొట్టింది. నలభై అడుగుల దూరంలో మిషనక్క గోడవైపు తిరిగి ఆమెవే దిండు గలీబులు కుడుతోంది. మిషను చప్పుడు తప్ప ఆ గదిలోకి మరో చప్పుడు రాదు.

సాయంత్రం గలీబులు ఇవ్వడానికి వెళ్తే వాకిలి ఓరగా తెరిచి ఉంది. బీరువా బట్టలు నేల మీద ఉన్నాయి. బాత్‌రూము గడియ తీసింది. టీచరమ్మ తడి నేల మీద పక్కకి ఒరిగి ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"టైమెంత?" అని అడిగింది టీచరమ్మ.

"ఐదున్నర. కదలకండి. కదలొద్దు."

"అయితే ఏడు గంటలు," అంది టీచరమ్మ. ఎన్ని గంటలో లెక్క తేలాక కళ్లు మూసుకుంది.

కెమెరాలో రెండు టోపీలు కనిపించాయి. ముఖాలు కనిపించలేదు.

మూడు వారాల తర్వాత ఆ ఇద్దరూ వేరేచోట ఇలాగే బెల్లు కొట్టి దొరికిపోయారు. గుర్తుపట్టగలరేమో అడగడానికి హెడ్ కానిస్టేబులు ఫొటోలు పట్టుకుని మిషనక్క దగ్గరికి వచ్చాడు. ఆమె ఫొటోలు చూసింది. పొడుగాటివాడు తెలిసినట్టే ఉన్నాడు. అప్పుడు వాడి భుజానికున్న సంచి పట్టీ తెగి ముడేసి ఉండటం గుర్తొచ్చింది.

"వీడు ఇంతకుముందు ఇంకొకడితో వచ్చాడు. పోయిన ఏడాది. ఫిల్టరు అన్నాడు. ఏ కంపెనీ, ఎన్నో నంబరు ఇల్లు, ఎవరు ఫోన్ చేశారని అడిగాను. కాలనీ తప్పొచ్చామని వెళ్లిపోయారు."

హెడ్ కానిస్టేబులు నవ్వాడు. "వాడూ అదే చెప్పాడక్కా. రెండుసార్లు వచ్చారట. మొదట్లోనే మిషను దగ్గర ఒకావిడ కూర్చుంటుంది, లాయరులా ప్రశ్నలేస్తుంది, అందుకే ఆ వీధి వదిలేశామన్నాడు. ఈమధ్య అటుగా వెళ్తే ఆవిడ లేదట. మీ వల్లే ఇన్నాళ్లు ఆగింది అక్కా."

ఆమె సంతోషిస్తుందనుకుని అతను ఆ మాట చెప్పాడు. మిషనక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పంపేసింది. తర్వాత గిన్నెలు తోమడానికి కూర్చుంది. ఆ తోముడికి గిన్నెకి సొట్ట పడింది. భర్త డిపో నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది?"

ఆమె చెప్పింది.

"పోనీలే. అయిపోయిందానికి ఇప్పుడు కోప్పడి లాభమేముంది?"

"లాభం కోసం కోప్పడతారా ఎవరైనా? మీరు పోనీలే అన్నారు. నేను సరే అన్నాను. ఆవిడ ఏడు గంటలు తడినేల మీద పడుంది. ఇంకోసారి ఈ ఇంట్లో పోనీలే అన్న మాట వినబడకూడదు."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మాట నోటి చివరిదాకా వచ్చినప్పుడల్లా గుటక వేసేవాడు.

ఆదివారం పొద్దున కాలనీ హాల్లో మీటింగు పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీల్లో నలభై మంది దాకా కూర్చున్నారు. సెక్రటరీ కొత్త కాగితం చదివాడు. పదిహేనో నిబంధన: ఒంటరిగా ఉండే వృద్ధులు అపరిచితులకు తలుపు తీయరాదు. కింద ఒక వాక్యం చేర్చాడు, ఇటీవలి సంఘటన నివాసి అజాగ్రత్త వల్ల జరిగిందని.

మిషనక్క లేచింది. "ఎవరి అజాగ్రత్త?"

"అమ్మా, ప్రశ్నలు చివర్లో."

"చివర్లో మీరు టీ తాగడానికి వెళ్లిపోతారు. ఇప్పుడే చెప్పండి. ఎవరి అజాగ్రత్త?"

"తలుపు తీసింది ఆవిడే కదమ్మా."

"ఫిల్టరు కారుతోంటే ఫిల్టరువాడికి తలుపు తీసింది. మీ ఇంట్లో తీయరా? ఆ ఇద్దరూ పోయిన ఏడాది ఇదే వీధికి వచ్చారు. నేను అడ్డం తగిలితే వెళ్లిపోయారు. ఈసారి నేను లేను. ఎందుకు లేనో మీకు తెలుసు. మీ ఏడో నిబంధన చదవండి, అందరూ వింటారు."

"దానికీ దీనికీ సంబంధం పెట్టకండి."

"నేను పెట్టలేదు. దొంగ పెట్టాడు. పోలీసుల ముందు చెప్పాడు. కావాలంటే స్టేషనుకి వెళ్లి అడగండి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనకనుంచి ఎవరో "కూర్చోండక్కా, చెప్పారుగా" అన్నారు.

"కూర్చోను. కూర్చోమంటే కూర్చున్నాను, లోపలికి పొమ్మంటే పోయాను. ఆ అజాగ్రత్త అన్న మాట కొట్టేయండి. మిషను తీయించడం వల్ల వీధి మొదట మనిషి లేకుండా పోయిందని పుస్తకంలో రాయండి. సంతకం పెట్టి నేనూ తప్పు చేశాను, అదీ రాయండి. రాసేదాకా ఇక్కడే నిలబడతాను."

సెక్రటరీ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఇలాంటివి మినిట్స్‌లో రాయడం కుదరదన్నాడు. పద్ధతులున్నాయన్నాడు. ఆమె నిలబడే ఉంది. పది నిమిషాలు గడిచాయి. ఎవరూ లేచి వెళ్లలేదు, ఆమె పక్కన నిలబడనూ లేదు. నిలబడనివాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూసింది. ఆ ఇళ్ల తాళంచెవులన్నీ ఒకప్పుడు తన బల్ల సొరుగులో ఉన్నవే.

మినిట్స్ పుస్తకం రాసేది మందుల షాపు ఆమె. అంతసేపూ తలవంచుకుని ఉన్నదల్లా పెన్ను మూత తీసింది. "ఏమని రాయమంటారక్కా? మెల్లగా చెప్పండి," అంది.

"మీకు ఆ అధికారం లేదు," అన్నాడు సెక్రటరీ.

"మీటింగులో ఎవరేం మాట్లాడితే అది రాయమన్నది మీరేనండీ," అంది ఆమె, రాస్తూనే.

అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. మిషనక్క చెప్పింది నాలుగు వాక్యాల్లో రాశారు. వారం తర్వాత ఆమెకి ఒక కవరు వచ్చింది. భద్రతా ప్రయోజనాల దృష్ట్యా మిషనును వరండాలో ఉంచుకొనుటకు ప్రత్యేక అనుమతి ఇవ్వడమైనదనీ, వచ్చిపోయే అపరిచితుల వివరాలు రోజూ రిజిస్టరులో రాయవలెననీ ఉంది. ఆమె ఆ కవరు తీసుకెళ్లి సెక్రటరీ గేటులోంచి లోపలికి నెట్టేసింది.

"నేను మీ వాచ్‌మన్‌ని కాను. నేను కుట్టుకుంటాను. నా పని వెలుతురులో చేసుకుంటాను. మీ అనుమతి మీ దగ్గరే ఉంచుకోండి," అని చెప్పి వచ్చింది. ఆ సాయంత్రమే భార్యాభర్తలిద్దరూ మిషను ముందుకి జరిపారు. ఇంటి యజమాని మళ్లీ ఫోన్ చేయలేదు.

టీచరమ్మ ఆ ఇంటికి తిరిగి రాలేదు. ఊరికి అటువైపున్న అక్క కూతురి దగ్గర ఉంటోంది. మిషనక్క ఆదివారాలు రెండు బస్సులు మారి అక్కడికి వెళ్తుంది. వాకరు పట్టుకుని గదిలో ఇరవై అడుగులు వేయిస్తుంది. టీచరమ్మ పైకి లెక్కపెడుతుంది.

ఒకసారి వెళ్లేసరికి బల్ల మీద యాపిల్ పళ్ల బుట్ట ఉంది.

"ఎవరిచ్చారు?"

"మీ సెక్రటరీ వచ్చాడు నిన్న. పాపం, అరగంట కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు."

"పాపమా? తప్పయిందని అన్నాడా?"

"అనలేదు."

"మీరు తిన్నారా అవి?"

"రెండు తిన్నాను. బాగున్నాయి. నువ్వూ ఒకటి తీసుకో."

"నాకొద్దు."

"నా తుంటి విరిగింది, నాకే లేని కోపం నీకెందుకమ్మాయ్? ఇక వదిలెయ్."

"మీరు వదిలేయండి, మీ ఇష్టం. నాది నేను ఉంచుకుంటాను," అంది మిషనక్క. "లేవండి. ఇంకా పది అడుగులున్నాయి."