నాన్న నీలి అద్దం, నా సర్వో

గాజు వాల్వు లోపలి నల్లటి రేకు మీద గోరంత ఎరుపు కనిపించింది. ఆ రోజుల్లో నేను అన్నిటికీ భయపడేదాన్ని: పాలు పొంగినా, పాప తుమ్మినా, ఫోను వరుసగా రెండుసార్లు మోగినా. అలాంటిదాన్ని, హిందీ ప్రాంతపు ఉక్కు ప్లాంటు పక్కన రిసాలిలో మా నాన్న ఆంప్లిఫయర్ విప్పడానికి మాత్రం ఎందుకో భయపడలేదు (చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది డైపర్లు మార్చడం, ఆ కసి అయ్యుంటుంది).

అది పాటలు వినే పాతకాలపు వాల్వుల ఆంప్లిఫయర్. అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌ని ప్లాంటులో మోటార్లు చుట్టే నాన్న స్నేహితుడు చేత్తో చుట్టి ఇచ్చాడు. ఆయన ఇప్పుడు లేడు. అది కాలితే నాన్నకి మరొకటి రాదు. ఆ సంగతి తెలిసే పని మొదలుపెట్టాను. ఒక వాల్వు నుంచి మరో వాల్వుకి పాట వెళ్లే దారిలో కెపాసిటర్ ఉంటుంది. పాటని పోనిచ్చి, వెనకున్న పెద్ద వోల్టేజీని ఆపుతుంది. దాన్ని తీసేసి, ఆ కాపలా సర్వో సర్క్యూట్‌కి అప్పగిస్తే పాట ఇంకా తేటగా వస్తుందని చదివాను. వాల్వులో కరెంటు పెరిగితే సర్వో దాన్ని తగ్గించాలి. నేను రెండు తీగలు తారుమారు చేశాను. అందుకని నా సర్వో, పెరుగుతున్న కరెంటుని ఎంతో శ్రద్ధగా ఇంకా పెంచుతోంది.

"మమ్మీ, లాల్ హో గయా," అని ఎర్రబడిన సంగతి హిందీలో ప్రకటించింది అయిదేళ్ల పాప. మూడేళ్ల వాడు చప్పట్లు కొట్టాడు.

స్విచ్ గోడకుంది. దానికి అడ్డంగా నాన్న. జీవితమంతా ఫర్నేస్ దగ్గర పనిచేసిన మనిషి; ఎరుపు చూడగానే జేబులోంచి నీలి అద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు (మండే ఫర్నేస్‌లోకి చూసే అద్దం అది; రిటైరయ్యాక దాంతో సూర్యుణ్ణి, అప్పుడప్పుడు అమ్మ పొయ్యినీ చూసేవాడు).

"నాన్నా, తప్పుకో. ఆపాలి."

"ఆగవే. ఇప్పుడే కదేటి వేడెక్కుతున్నాది. రంగు సూడు, ఎంత బాగొచ్చిందో."

"ఆ రంగు రాకూడదు నాన్నా."

"ఎరుపు రాకుండా పనెలాగవుద్దే?"

వంటింట్లోంచి అమ్మ అడిగింది. "ఏటా కంపు? తండ్రీ కూతురూ ఏటి కాల్చేస్తన్నారు?"

ఎరుపు రేకంతా పాకింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరిగిన మైనం వాసన. అంతవరకు నాన్న ఎదుట గొంతైనా పెంచనిదాన్ని, ఆయన్ని భుజంతో ఒక్క తోపు తోసి స్విచ్ ఆపాను.

చల్లారేదాకా నాన్న అద్దాన్ని పంచె కొంగుతో తుడుస్తూనే ఉన్నాడు. "పోయిందేటమ్మా?" అన్నాడు చివరికి. మీటరు పెట్టి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది. వాల్వు ఒక్కటే పోయింది.

"మా ఫర్నేస్‌లోనైతే నీకు ప్రమోషనిచ్చీసేవోరు," అన్నాడు, ఊపిరి వదిలి. కొత్త వాల్వు తెచ్చాక పాత కెపాసిటర్‌నే మళ్లీ అతికించాను. పాట ఎప్పటిలాగే వచ్చింది. నాన్న మాత్రం చాలా తేటగా ఉందన్నాడు.

ఇప్పటికీ నేను ఇంట్లో కేకలు మొదలుపెడితే, పాప నా వెనక్కి వచ్చి వీపు మీద స్విచ్ వెతుకుతుంది. తప్పు నాదే. వాల్వు కాలిన మర్నాడు పొద్దున్న ఇద్దర్నీ కూర్చోబెట్టి నేనే చెప్పాను: "అమ్మ చేసినదైనా సరే, ఎర్రబడుతుంటే చప్పట్లు కొట్టకండి. ముందు స్విచ్ ఆపండి. తర్వాత తాతని అడగండి, రంగు బాగుందా అని."