అమ్మ శోకం విన్నవాళ్ళు

మా వాళ్ళలో ఆడవాళ్ళు శవం దగ్గర ఊరికే ఏడవరు, శోకాలు పెడతారు. పోయిన మనిషి తల దగ్గర కూర్చుని, రాగం తీస్తూ, ఆ మనిషితోనే మాట్లాడతారు. పొగుడుతారు, తిడతారు, బతికుండగా మొహం మీద అనలేనివన్నీ అప్పుడు అనేస్తారు. చుట్టూ వాడంతా చేరి వింటుంది. కానీ శోకంలో వచ్చిన మాటను మర్నాడు ఎవరూ ఎత్తరు, ఎత్తితే మనిషిగా చూడరు. శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు మా తాతలు వలలతో పాటు తెచ్చుకున్న మర్యాద అది.

ఈ సంగతి నా స్నేహితురాలికి బాగా తెలుసు. విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మాది ఒకే గది. తర్వాత తను పై చదువుకు వెళ్ళింది. మనుషులు ఏ చప్పుడును చెవిన పెడతారు, దేన్ని విననట్టు ఊరుకుంటారు అన్నది తన పరిశోధన. దాని కోసమే పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం పక్కన, లంబాలైన్‌లో మా ఇంటికి వచ్చి దిగింది.

నిజం చెప్పొద్దూ, నాకు సంబరంగానే ఉండేది. జెట్టీ దగ్గర ఇద్దరం కళ్ళు మూసుకుని చప్పుళ్ళు వింటూ కూర్చునేవాళ్ళం. మా ఇంటి మీదుగా విమానం దిగుతుంటే మేమంతా మాట మధ్యలో ఆపేసి, అది పోయాక ఆపిన చోటు నుంచే అందుకుంటామని తను చెప్పేదాకా నాకే తెలియదు. అమ్మను పిన్నీ అని వరస కలిపింది. అమ్మ తనకి చేపలో ముళ్ళు తీసి మరీ పెట్టేది.

తను ఉండగానే నాన్న గుండె ఆగి పోయాడు. శ్రీకాకుళంలో మా సొంతూళ్ళో ఉన్న అమ్మమ్మ రాలేకపోయింది. ఓడలో రావాలంటే రోజులు పడుతుంది, అంతదాకా శవం ఆగదు. ద్వీపంలో మాకిది మామూలే. అందుకే శోకాలను ఫోన్లో పట్టి ఊరికి పంపుతాం, అక్కడివాళ్ళు అది వింటూ ఏడుస్తారు. "నా దగ్గర మంచి రికార్డర్ ఉంది పిన్నీ, అమ్మమ్మకి నేను పంపిస్తాను" అంది. అమ్మ తలూపి, నాన్న తల దగ్గర కూర్చుని ఎత్తుకుంది.

"నన్ను కొట్టిన సెయ్యి ఇలా పడిపోయుందేటయ్యా! నీ పడవ తిరిగి రాకూడదని గంగమ్మకి మొక్కినాను. మొక్కి లెంపలేసుకున్నాను. ఆ మొక్కే ఇనేసిందేటయ్యా ఆ తల్లి!"

నాన్న తమ్ముడు, మా బాబాయి, గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్నాడు. మర్నాడు తనే అన్నం క్యారేజీ పట్టుకొచ్చి, అమ్మ తినేదాకా కదల్లేదు.

కొన్ని నెలలు గడిచాయి. స్నేహితురాలు వెళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం బాబాయి ఫోను పట్టుకుని వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. ఫోన్లోంచి అమ్మ గొంతు వస్తోంది. డైరీ ఫార్మ్ అనే పేటలో టీ కొట్టు దగ్గర జనం పెట్టుకుని వింటున్నారట.

"ఏటి వదినా ఇది? సారీ దునియా సున్ రహీ హై, లోకమంతా ఇనేస్తంది! మా అన్న పెళ్ళాన్ని కొట్టీవోడని ఊరందరికీ సెప్పుకుంతావా?"

"ఆ రోజు నువ్వూ ఇన్నావు కదా నాయనా" అంది అమ్మ.

"అది శోకం వదినా. ఇది ఫోను" అనేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

అవే మాటలు, అవే చెవులు. నాకు ఒళ్ళు మండిపోయి స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఏదో సభలో వినిపించిందట, అందరూ కదిలిపోయారట, అందుకని నెట్‌లో పెట్టిందట. "పేరు ఎక్కడా పెట్టలేదు కదే! అది మీ అమ్మ ఒక్కదాని ఏడుపు కాదు, ఒక సమాజం గొంతు" అంది. సమాజం గొంతట! చేపలో ముళ్ళు తీసి పెట్టింది సమాజమా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ, తిన్నింటి ఏడుపును మూటగట్టుకుపోయిన మనిషిని తననే చూశాను. తెలుగు రానిదైతే తెలియక చేసిందనుకుందును. ప్రతి మాటా అర్థమయ్యే చేసింది. దాన్ని తీయించాను, కానీ అప్పటికే ఎన్ని ఫోన్లలోకి పాకిందో ఎవరికి తెలుసు.

ఈ ఏడు సిప్పీఘాట్‌లో మా పెద్దమ్మ పోయింది. అమ్మకున్న ఒక్కగానొక్క అక్క. తల దగ్గర అమ్మకు చోటిచ్చి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. తోడబుట్టింది ఎత్తుకుంటే గానీ మిగతావాళ్ళు అందుకోరు. అమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నోరు బిగించుకుని కూర్చుంది. చాలాసేపు చూసి, చివరికి ఎవరో దూరపు చుట్టం మొదలుపెట్టింది.

"సొంత అక్కకి ఒక్క శోకమూ పెట్టలేదు, గుండా బండా అది?" అని నా వెనకే ఎవరో గొణిగారు. నాకు తిరిగి అరవాలనిపించింది.

ఇంటికొచ్చి తలస్నానం చేసి అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. మిక్సీ మొదలైంది. ఎంతకీ ఆగదే! అంతసేపు ఏం రుబ్బుతోందా అని వెళ్ళి చూశాను. జారులో ఏమీ లేదు. అమ్మ రెండు చేతులతో మూత అదిమి పట్టుకుని, ఆ రొదలో, పెద్దమ్మకు శోకాలు పెడుతోంది.

నన్ను చూసి ఠక్కున ఆపేసింది. ముందు నా మొహం చూడలేదు. నా చేతులకేసి చూసింది, ఫోనుందేమోనని.