తిథి చూడని సముద్రం

పెళ్లయిన ఏడాదికి మా ఆయన నన్ను సముద్రానికి తీసుకెళ్తానన్నారు. కంకిపాడు కాలవలో ఈత నేర్చినదాన్ని. అలల్లో ఆయన చెయ్యి పట్టుకుని నిలబడాలని ఒకటే కోరిక. బెజవాడ అద్దెగదిలో పెట్టె సర్దుతుంటే అత్తగారు తన చీరలు కూడా తెచ్చి అందులోనే పెట్టారు.

"ఒక్కదాన్నీ ఇక్కడ కూచుని ఏం చెయ్యను?"

ఆయన ఆ చీరలమీదే మూత నొక్కి పెట్టె మూసేశారు. పానకంలో పుడక అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

బందరు దాటాక ఇసుకలో ఓ చవక హోటలు. గదిలోంచి సముద్రం కనిపిస్తుందని ఆఫీసులో ఎవరో ఈయనకు చెప్పారట. కిటికీ తెరిస్తే సరుగుడు తోట కనిపించింది. సముద్రం హోరు మాత్రం వినిపించింది. ఉన్నది ఒకే గది, కాబట్టి మంచం అత్తగారికి, చాప నాకు, వరండా ఆయనకు. దుప్పటి దులిపితే ఇసుక రాలింది. పంపులో వచ్చేవి ఉప్పునీళ్లు, సబ్బు ఎంత రుద్దినా నురగ లేదు. కాఫీ కూడా ఉప్పగానే ఉంది. సర్వరుతో చెబితే "ఇక్కడ నీళ్లంతేనండీ" అని వెళ్లిపోయాడు.

అన్నిటికీ సర్దుకున్నాను. సాయంత్రం ఒడ్డున చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టి అడుగు వేయబోతుంటే వెనకనుంచి అత్తగారి కేక.

"ఆగమ్మాయ్! ఇవాళ తిథేవిటి? పున్నమా, అమావాస్యా? ఉత్తిరోజున సముద్రాన్ని ముట్టుకోకూడదు. మీ ఇంట్లో ఆమాత్రం చెప్పలేదూ?"

ఆయన వైపు చూశాను. అప్పటికే ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని ఉన్నారు.

"అమ్మ చెబుతోందిగా, ఈసారికి పోనీలే" అంటూ మడతలు విప్పేసుకున్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడే పూజారి వెనక దాక్కున్నాడు. నాకు ఆవిడ మీదకన్నా ఈయన మీదే ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే ఆ పంపునీళ్లు ఒంటిమీద పోసుకుంటూ, ఈ ఉప్పుకు తిథి అక్కర్లేదేమో అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఇంటికొచ్చేశాం.

మరుసటి ఏడు మాఘపౌర్ణమికి నా ఒళ్లో పసిపిల్ల. చంటిదాన్నేసుకుని నువ్వెక్కడికొస్తావని అత్తగారు కొడుకును వెంటబెట్టుకుని సముద్రస్నానానికి వెళ్లారు. తిరిగొచ్చాక, సముద్రపు నీళ్లు పట్టి తెచ్చిన సీసా మూత తీసి నా నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించారు.

"ఇదుగో, నీ స్నానమూ అయిపోయింది."

ఆ తర్వాత నన్ను సముద్రానికి తీసుకెళ్తానని ఎవరూ అనలేదు. వాళ్లు స్నానం చేసొచ్చిన ఆ రోజు మాత్రం ఆయన ప్యాంటు మడతలు విప్పుకుంటే గదిలో ఇసుక రాలింది. పిల్లను చాపమీద పడుకోబెట్టి, చీపురు తెచ్చి నేనే ఊడ్చాను.