అన్నయ్య తప్పిన సబ్జెక్టు

యాభైలలో చోడవరం నుంచి పట్నంలో యూనివర్సిటీ చదువుకి మా ఇంట్లోంచి మొదట వెళ్లింది అన్నయ్య. కొన్నేళ్ల తర్వాత నేను. ఇద్దరికీ ఫిజిక్సు చెప్పింది ఒక్క మేస్టారే.

అన్నయ్య రోజుల్లో ఆయన క్లాసులోకి వస్తూనే ఇంగ్లీషులో నోట్సు చదివేవారట. పిల్లలు తలెత్తకుండా రాసుకోవడమే. తెలుగులో చదువుకుని వెళ్లిన అన్నయ్య అదంతా బట్టీపట్టాడు. రెండుసార్లు పరీక్ష తప్పాడు. "ఈడి బుర్రకి సదువెక్కదు" అని నాన్న ఇంటికి తీసుకొచ్చి చెరకు రసం కాచే బెల్లం పెనం దగ్గర నిలబెట్టాడు. అన్నయ్య ఎదురు చెప్పలేదు. తనకి బుర్ర లేదని అతనూ నమ్మేశాడు.

నేను చేరబోయే ముందు వేసవిలో ఆ మేస్టారిని మద్రాసు పంపించారు. ఉద్యోగంలో ఉన్న లెక్చరర్లకే, పాఠం ఎలా చెప్పాలో నేర్పే ట్రైనింగు. తిరిగొచ్చాక ఆయన నోట్సు చదవడం మానేశారు. మమ్మల్ని ప్రశ్నలు అడిగేవారు. మా మొహాలు చూసి, అవసరమైతే తెలుగులోకి దిగేవారు. మా క్లాసులో తప్పినవాళ్లు బాగా తగ్గిపోయారు. నాకు మంచి మార్కులొచ్చాయి.

సెలవులకి వచ్చినప్పుడు పెనం దగ్గర అన్నయ్య అడిగాడు.

"ఒరే, వేడికీ టెంపరేచరుకీ తేడా నీకెలా తెలిసిందిరా? నాను అక్కడే పోయేను."

మేస్టారు అడిగినట్టే అడిగాను. "ఈ మరిగే రసం ఓ గిన్నెడు తీసి పక్కన పెట్టేవనుకో. రెండిటి టెంపరేచరూ ఒకటే. పొయ్యి ఆర్పేస్తే ఏది ముందు సల్లారతాది?"

"గిన్నెలోదే."

"ఏం?"

"అందులో ఉన్న వేడే కొంచెం గదా..." అని ఆగిపోయాడు. "ఇంతేనేటి?"

తలూపాను.

"ఇంతేనా! మరప్పుడు ఈ మాట నాకెవుడూ సెప్పలేదేట్రా?"

గరిట వదిలేసి చెరకు పిప్పి మీద కూలబడి ఏడ్చాడు. పాకం మాడు వాసనకి నాన్న కేకలేస్తూ వచ్చాడు. అన్నయ్య మొహం చూసి తనే గరిట అందుకున్నాడు.

సెలవులయ్యాక మేస్టారికి ఇదంతా చెప్పాను. "మీ అన్నయ్యని మళ్లీ పరీక్షకి కట్టమను. నేను దగ్గరుండి చెబుతాను" అన్నారు.

ఆ మాట ఇంటికొచ్చి చెబితే, "చెరకు తోటెవుడు నరుకుతాడు? నాన్నకి నడుం వంగిపోనాది. నువ్వు సదువుకో" అన్నాడు అన్నయ్య.

ఆ తర్వాత తనకి బుర్ర లేదని అతను అనగా నేనెప్పుడూ వినలేదు. పెనం ముందు నిలబడ్డ అతన్ని చూడటం నాకు మునుపటికంటే కష్టమైపోయింది.