ఈగపులి, దేవాంగ పిల్లి

విజయనగరం బజారులో కొత్త చింతపండు కుప్పల పక్కనుంచి నడిచినప్పుడల్లా ఆ పుల్లటి వాసన నన్ను గజపతినగరంలోని మా నాన్న కిరాణా కొట్టుకు లాక్కుపోతుంది. ఎండలు ముదిరే వేళకు కొండల మీంచి చింతపండు దిగేది. గోనె బస్తాల దొంతరలు, చెమర్చిన బెల్లం దిమ్మలు, వాటి మీద ముసిరే ఈగలు, ఆ ఈగల కోసం పొంచి ఉండే ఈగపులులు. ఈగపులి వేలిగోరంత సాలీడు. గూడు అల్లుకుని ఎదురుచూడదు. ఒక్క గెంతులో వెళ్లి ఈగ మీద పడుతుంది. ఈసారి పడుతుందా, తప్పుతుందా అని నేనూ నానమ్మా పందెం కాసేవాళ్లం.

ఒక ఏడు, బస్తాలు తెచ్చే సోములు మావ చింతకొమ్మల్లో దొరికిందని ఒక దేవాంగ పిల్లిని బుట్టలో తెచ్చాడు. పేరుకే పిల్లి, తోక లేదు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, ముఖమంతా కళ్లే. ఆ కళ్లు మందుకు పనికొస్తాయని, తనకు అమ్మమని పాత ఖాతాదారు ఒకాయన పట్టుబట్టాడు. నాన్న మొహమాటానికి సరేనన్నాడు.

పొద్దు వాలింది. పెట్టిన అరటిపండును అది ముట్టనే లేదు. అంతలో బుట్ట అంచు మీదికి ఒక ఈగపులి ఎక్కింది. దేవాంగ పిల్లి చెయ్యి చాచింది, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా. చివరి క్షణంలో ఈగపులి గెంతేసింది. ఆ సన్నని వేళ్లు ఉత్తి గాలిని పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

"అయ్యో, ఆకలేస్తన్నాది దీనికి," అంది నానమ్మ. నాన్న వైపు తిరిగి, "ఒరే, ఆ ఈగపులి గెంతి బతికిపోనాది. ఇది పరిగెట్టనేదు, గెంతనేదు. దీన్ని సంపడానికి ఇచ్చీసి ఏటి బాగుపడతావు?"

"మాటిచ్చీసినానమ్మా."

"ఆ మాటేదో నాను సెప్తాను."

నానమ్మ ఆ ఖాతాదారు ఎదుటికే వెళ్లి, "బాబూ, ఇది అమ్మకానికి నేదు," అనేసింది. ఆయన మళ్లీ మా కొట్టు గడప తొక్కలేదు.

మర్నాడు సోములు మావ ఖాళీ వ్యానులో నాన్నా నేనూ కొండెక్కాం. బుట్ట నాన్న ఒళ్లోనే ఉంది. చింతకొమ్మ అందగానే దేవాంగ పిల్లి ఒక చెయ్యి, ఆనక ఒక కాలు వేస్తూ పైకి పాకింది. ఎప్పుడూ కొట్టు, కొట్టు అని తొందరపడే నాన్న, అది ఆకుల్లో కలిసేదాకా కదల్లేదు.

ఇప్పుడు ఆ కొట్టు చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నానమ్మ, సోములు మావ లేరు. దేవాంగ పిల్లులూ అరుదైపోయాయి. అయినా మొన్న వేసవిలో సోములు మావ కూతురు నన్ను సంజవేళ వాళ్ల తోటలోకి తీసుకెళ్లి, నా చెయ్యి పట్టి ఆపింది.

"గట్టిగా మాటాడకండి. పిల్లనెత్తుకున్నాది."

కొమ్మల మధ్య, తల్లి పొట్టను కరుచుకున్న పిల్లవి రెండు గుండ్రటి కళ్లు మమ్మల్నే చూస్తున్నాయి.