ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదండి

మాది గుంటూరు వైపు. అక్కడ ఔనంటే ఔను, కాదంటే కాదు, మధ్యలో కేకలు. పెళ్ళయి రావులపాలెంలో హైవే దిగి కోనసీమలోకి వచ్చిన రోజు నుంచీ నన్ను తికమక పెట్టిన మాట ఒక్కటే, ఆయ్. భోంచేశారా అంటే ఆయ్. ఎండ మండిపోతోందండీ అంటే ఆయ్. మొదట్లో అది ఔను అనుకున్నాను. కొన్నాళ్ళకి అది మర్యాద అనుకున్నాను. ఒక్కోసారి అది "వింటున్నాను, కానివ్వండి" అని మాత్రమేనని తెలిసేసరికి వ్యవహారం మా నూతి నీళ్ళ దాకా వచ్చింది.

మా ఇల్లు అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊళ్ళో. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మావగారు పోయాక ఇంట్లో మా అత్తగారు, నేను, మా పాప మిగిలాం. చుట్టుపక్కల బోర్లన్నీ ఒక్కొక్కటీ ఉప్పు తేలిపోయినా మా పెరటి నుయ్యి మాత్రం తియ్యగానే ఉంది. సాయంత్రమైతే వీధిలో ఆడవాళ్ళంతా బిందెలతో వస్తారు. మా అత్తగారు గట్టు పక్కన పీట వేసుకుని అందరి కబుర్లూ వింటూ కూర్చుంటారు. ఆవిడ పెద్దరికమంతా ఆ పీట మీదే.

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ప్రజాస్వామ్యం వల్ల లాభాలు రాయండి అన్నది మా పరీక్షల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, నేను కళ్ళు మూసుకుని మార్కులు వేసేస్తాను. ఒకరోజు ఆ పాఠమే చెప్పి ఇంటికొచ్చేసరికి పెరటి వెనక చేలో పొక్లెయిన్ గట్టు తవ్వుతోంది.

అడిగితే రొయ్యల చెరువన్నారు. ఊరంతా ఒప్పుకుందన్నారు. గ్రామసభ జరిగిందట, అందులో అడిగారట, ఎవరూ కాదనలేదట. ఆ సభకి మా ఇంటి నుంచి వెళ్ళింది మా అత్తగారే.

"అత్తయ్యగారూ, చెరువుకి మీరు ఒప్పుకున్నారా?" అన్నాను.

"నేనెక్కడ ఒప్పుకున్నానే?" అన్నారావిడ తెల్లబోయి. "వీధి లైట్ల గురించి చెప్పేరు, ఆయ్ అన్నాం. డ్రైనేజీ అన్నారు, ఆయ్ అన్నాం. ఈలోగా బజ్జీలొచ్చేయి. చెరువుకి ఎవరికీ అభ్యంతరం లేదు కదండీ అన్నారు, ఆయ్ అన్నాం. అంతే. ఒప్పుకున్నామని ఎవరన్నారు?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. చెరువులోకి ఉప్పునీళ్ళ బోరు వేసి తోడతారు. ఆ నీళ్ళు ఇంకితే ముందు పోయేది మా నుయ్యే.

ఆ చేను ఎవరో కొత్తవాళ్ళదైతే నా నోటికి అడ్డుండేది కాదు. అది మాకు వరసకి మావయ్యగారైన ఒక పెద్దమనిషిది. నాకు నొప్పులొచ్చిన రోజు తుఫాను గాలి. ఆటో రాలేదు, అంబులెన్సు రాలేదు. ఆయనే తన కారు తీసి, రోడ్డుకి అడ్డంగా పడిన కొబ్బరిచెట్లు తప్పించుకుంటూ నన్ను అమలాపురం ఆసుపత్రికి చేర్చాడు. ఆయనా సరదాకి చెరువు తవ్వడం లేదు. శివారు చేను కావడంతో కాలవ నీళ్ళు అందవు. వరి వేసి వేసి విసిగిపోయాడు. ఆయన బాధ అబద్ధమని నేను ఈ రోజుకీ అనను.

మా ఆయన ఫోన్లో, "ఎందుకొచ్చిన గొడవ? రేపు ఏదైనా అయితే పరిగెత్తుకొచ్చేది ఆయనే కదా, నేనిక్కణ్ణించి రాగలనా?" అన్నాడు. నిజమే. ఆ నిజం నన్ను రెండు రోజులు నోరు మూసుకుని కూర్చోబెట్టింది. మూడో రోజు బిందె ముంచుతుంటే, ఈ నీళ్ళు పోతే మా పాప ఏం తాగుతుందన్న భయం ఆ నిజం కన్నా పెద్దదైంది. అమలాపురం కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. అక్కడున్న అధికారి నా మాట చివరిదాకా విని, "సభ మళ్ళీ పెట్టిస్తాను. చేతులెత్తించి అడుగుతాను" అన్నాడు. పని ఆగింది.

నూతి దగ్గర ఆడవాళ్ళు నాకు ధైర్యం చెప్పారు. "మీరు లెగండమ్మా, మీ ఎనకాల మేం లేమేటండీ?" అన్నారు.

సభ రోజున ఆ పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్నాడు. కూర్చునే ముందు అందరి దగ్గరికీ వచ్చి పేరుపేరునా పలకరించాడు. మా అత్తగారి దగ్గర ఆగి, "వదినగారూ, కులాసాయేనాండీ? మోకాళ్ళ నొప్పులు తగ్గేయా?" అన్నాడు. ఆవిడ "ఆయ్" అన్నారు. ఆ పలకరింపులో కల్మషం లేదు, అదే నా ప్రాణానికి వచ్చింది. తిట్టేవాడితో పోట్లాడటం నాకు చేతనవును.

ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి అన్నాడు అధికారి. నేను ఎత్తాను. వెనక్కి తిరిగి చూస్తే మా నూతి నీళ్ళు తాగేవాళ్ళంతా పమిట చెంగులు సర్దుకుంటున్నారు. సిగ్గూ, కోపమూ ముంచుకొచ్చినా ఎత్తిన చెయ్యి దించలేదు.

అధికారి మా అత్తగారి వైపు చూశాడు. "నుయ్యి మీదేనంట కదమ్మా. చెరువు మీకు ఇష్టమేనా?"

"ఆయ్" అన్నారు మా అత్తగారు.

సభంతా గొల్లున నవ్వింది. అయిపోయిందనుకున్నాను. ఆవిడ కంగారుగా లేచి నిలబడ్డారు. ఆ పెద్దమనిషికి ఎదురుగా ఆవిడ ఎన్నడూ లేదు, కాదు, వద్దు అన్న మాటలు అనలేదు.

"అది కాదండి," అన్నారు చివరికి. "ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదండి. వింటున్నానని అండి. చెరువు వద్దండి." తర్వాత ఆయన వైపు తిరిగి, "మరిదిగారూ, ఏవీ అనుకోకండి. మాకు తాగడానికి నీళ్ళుండవండి" అన్నారు.

అప్పుడు లేచాయి చేతులు, ఒక్కొక్కటిగా. ఆ అధికారి తానేమీ తీర్పు చెప్పలేదు. ఊరు వద్దంటోంది కాబట్టి చెరువు లేదన్నాడు, అంతే. ఆ పెద్దమనిషి కండువా దులుపుకుని భుజాన వేసుకుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. అరిచి వెళ్ళినా బాగుండేది. ఇంటికొచ్చాక మా అత్తగారు ఆ పూట అన్నం తినలేదు. ఒకసారి అనేసిన ఆయ్‌ని వెనక్కి తీసుకునే వీలు ఈ దేశంలో ఉందని నాకు గర్వంగానే ఉంది. ఆ గర్వాన్ని ఇంట్లో ఎవరితో పంచుకోవాలో తెలియలేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. వాళ్ళింటి ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని వీధిలో పిలుపులకి బయల్దేరారు. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా మొదటి పిలుపు మాదే. నాకు బొట్టు పెట్టి, మా అత్తగారి చెయ్యి పట్టుకుని "మీరు లేకపోతే ఎలాగండీ" అనేవాళ్ళు. ఆ రోజు మా అత్తగారు ఉతికిన చీర కట్టుకుని పొద్దున్నే అరుగు మీద కూర్చున్నారు. లోపలికి రమ్మని నేను రెండుసార్లు పిలిచాను, రాలేదు.

వాళ్ళు పక్కింటికి వచ్చారు. మా గేటు ముందు నుంచి నడిచారు. అవతలి ఇంట్లోకి వెళ్ళారు.

నేను చెప్పే పాఠంలో ఇది లేదు. వద్దన్నవాళ్ళని పోలీసులు పట్టుకెళ్ళరని ఉంది, వీధిలో ఆడవాళ్ళు తల తిప్పుకుని వెళ్ళిపోతారని లేదు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక వాళ్ళ మీద, ఊరి మీద, నా మీద కోపమొచ్చింది.

మా అత్తగారు లేచి పెరట్లోకి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ నీళ్ళు తోడటం మానేసి చాలా కాలమైంది. నేను పరిగెత్తే లోపే చేద దింపి, తోడి, గ్లాసులో పోసుకుని తాగారు. మిగిలిన సగం గ్లాసు నాకిచ్చారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"తియ్యగానే ఉన్నాయి కదే?" అన్నారు.

ఇన్నేళ్ళలో ఈ ఊరి మాట ఒక్కటీ నాకు అంటుకోలేదని మా పుట్టింట్లో గొప్పలు చెప్పుకునేదాన్ని. ఔను అందామనే నోరు తెరిచాను.

"ఆయ్" అన్నాను.