తలకిందుల ముద్ర

జపాన్‌లో మా హమామత్సు ఊళ్లో శీతకాలపు గాలి ఎంత మొండిదో హిసాయో ఇనగాకి అంత మొండిది. ఈ మాట ఆమె ముఖం మీదే అన్నా సంతోషిస్తుంది. పదకొండేళ్లు డిపార్ట్‌మెంట్ స్టోరు మూడో అంతస్తులో నిలబడి, కొనే ఉద్దేశం లేని జనానికి ఆర్గన్ వాయించి చూపించిన మనిషి. తర్వాత సింథసైజర్లనే ఎలక్ట్రానిక్ వాద్యాల కంపెనీ వాళ్లు పిలిచి, కొత్త యంత్రాల్లో స్వరాలు తయారుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ గదిలో డిగ్రీ లేనిది ఆమె ఒక్కతే. చెవి ఉన్నది కూడా ఆమె ఒక్కతేనని మా అందరి అనుమానం.

1988లో తయారవుతున్న యంత్రంలో అరవై నాలుగు స్వరాలు ఉండాలి. మీట నొక్కగానే లోపల పుట్టిన శబ్దం బయటికి వచ్చేలోపు రెండు మజిలీలు దాటుతుంది. ఒకటి దాన్ని చించి గరుకు చేస్తుంది, రెండోది ప్రతిధ్వని కలుపుతుంది. గరుకు ముందు, ప్రతిధ్వని వెనుక. సెక్షన్ చీఫ్ నగురా ఈ దారిని పెద్ద కాగితం మీద బాణాలతో గీయించి గోడకు అంటించాడు. ఆ బాణాల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

ఆ జనవరిలో ఒక ఉదయం పరీక్ష బల్ల మీద హిసాయో వైర్లు తారుమారుగా గుచ్చింది. పొరపాటేనని ఆమే ఒప్పుకుంది. ప్రతిధ్వని ముందే కలిసి, ఆ ప్రతిధ్వనంతా వెళ్లి గరుకులో పడి చిరిగింది. స్పీకర్‌లోంచి తెన్‌ర్యూ నది వంతెన మీద సైకిల్‌ను పక్కకు తోసే గాలి వచ్చింది. ఆమె రోజూ తిట్టుకుంటూ తొక్కుకొచ్చే గాలి అది. హిసాయో వైర్లు సరిచేయలేదు. ఆ స్వరాన్ని అరవై నాలుగోదిగా రాసుకుని, దారి మార్చుకునే స్విచ్ యంత్రంలోనే పెట్టాలని అడిగింది.

నగురా విని నవ్వాడు. చెడ్డవాడు కాదు, బాగా చదువుకున్నవాడు, చిక్కంతా అదే. దారి తప్పిన శబ్దాన్ని అమ్మితే, యంత్రం చెడిపోయిందని జనం వెనక్కి పట్టుకొస్తారని అతని వాదన.

“మిసో సూప్ ఎలా చేస్తారు ఇనగాకి గారూ? అన్నీ ఉడికాక, మంట ఆపేసి, ఆఖర్న ఆ పులిసిన సోయా ముద్ద, మిసో, కలుపుతారు. ప్రతిధ్వనీ అంతే. ఆఖర్నే.”

“మీరెప్పుడైనా వంట చేశారా?” అంది హిసాయో. “అన్నం ముద్దకి మిసో ముందే పూస్తారు. ఆ తర్వాతే నిప్పుల మీద మాడుస్తారు. ఇంటికెళ్లి మీ ఆవిడని అడగండి.”

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. నగురా చెవులు ఎర్రబడ్డాయి. మర్నాటికల్లా కాగితం తయారైంది: దారి మార్చడం లేదు, అరవై నాలుగో స్వరం తీసేస్తున్నాం, ఇది అందరికీ సమ్మతం. ‘అందరికీ’ అన్న మాట చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మా ఆఫీసుల్లో ఇలాంటి కాగితం కింది నుంచి పైకి బల్లబల్లకీ తిరుగుతుంది. ప్రతివాళ్లూ తమ పేరున్న ఎర్ర ముద్ర వేయాలి. అదీ నిటారుగా కాదు, పక్క గడిలో పడబోయే పైఅధికారి ముద్రకు వంగి దణ్ణం పెడుతున్నట్టు కాస్త ఒరిగించి వేస్తారు. ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. ముద్ర వేయనని మొండికేసే హక్కు కిందివాళ్లకు లేదు. వేశాను గానీ ఒప్పుకోను అని చెప్పాలంటే తలకిందులుగా వేయడం ఒక్కటే దారి. హిసాయో ముద్రను సిరాలో అద్ది, తిరగేసి, నిదానంగా నొక్కింది.

నగురా ఇంకో కాగితం తెచ్చి, చెయ్యి జారి ఉంటుందని తనే సర్దిచెప్పాడు. జారలేదని ఆమె మళ్లీ తలకిందులుగానే వేసింది. మూడోసారి వచ్చినప్పుడు, స్టోరులో ఆర్గన్ దగ్గర మనిషి కావాలట అని మెల్లగా అన్నాడు. ఆమెకు భయం వేయకపోలేదు. నిలబడి నిలబడి సాయంత్రానికి వాచిపోయే కాళ్లు గుర్తొచ్చాయి. ముద్ర మాత్రం తలకిందులుగానే పడింది.

గడువు ముంచుకొచ్చి ఆ మూడో కాగితమే డైరెక్టర్ తొజుకా దగ్గరికి వెళ్లింది. విషయం చదవకముందే ఆయన కళ్లు ఆ ముద్ర మీద పడ్డాయి. తానే మెట్లు దిగివచ్చి, ఎందుకని అడక్కుండా, వినిపించమన్నాడు. హిసాయో ఒక్క మీట నొక్కి పట్టుకుంది. గాలి గదంతా నిండింది. ముసలాయన తనకు తెలియకుండానే కోటు కాలరు పైకి లాక్కున్నాడు. తర్వాత నగురా వైపు తిరిగి, స్విచ్ పెట్టడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. నాలుగు రోజులన్నాడు నగురా.

ఐదో రోజు కొత్త కాగితం వచ్చింది: దారి వాయించేవాళ్లే మార్చుకోవచ్చు, అరవై నాలుగో స్వరం ఉంటుంది. నగురా దాన్ని ఆమె ముందు పెట్టి అక్కడే నిలబడ్డాడు.

“మీ మాటే నెగ్గింది కదా. ఈసారైనా కాస్త వంచి వేయండి, చూసేవాళ్లకి బాగుంటుంది.”

హిసాయో స్కేలు ఆనించి మరీ ముద్రను నిటారుగా నొక్కింది. సిరా ఆరేదాకా ఊది, కాగితం అతని చేతికిచ్చింది.

“వంగి ఉంటే నా పేరు చదవడం కష్టం, నగురా గారూ. ఇలా అయితే అందరూ చదువుతారు.”